వట్టివేళ్ళ అంజన్న

అంజన్నను నేను మొదటిసారి చూసింది 1981 మే నెలలో. హైదరాబాదు గౌలిపురలో అద్దె ఇంట్లోకి దిగి అప్పటికి రెండు నెలలైంది. మా అమ్మ విమలాదేవికి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. ఆమె మంచం పడమటి గదిలో వేశాం. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆ గది గోడలు చెయ్యి పెట్టనిచ్చేవి కావు. నేను కాలేజీలో పిల్లలకు వేడి గురించి పాఠాలు చెప్పి వచ్చి, ఇంట్లో తడిగుడ్డతో అమ్మ నుదురు తుడిచేవాణ్ణి. అంతకు మించి నాకేమీ తోచేది కాదు.

మాకు పాలు పోసే ఆమె ఒకరోజు చూసి జాలిపడింది. "అంజన్నను పిలువుండ్రి సార్. కిటికీకి వట్టివేళ్ళ తడక కడ్తడు. అమ్మ పానం జర సల్లబడ్తది" అంది.

మర్నాడు పొద్దున్నే అంజన్న వచ్చాడు. సైకిల్ వెనక వెదురు బద్దలు, హ్యాండిల్‌కు గోనెసంచి నిండా ఎండిన వేళ్ళు. నలభై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉన్నాడు. లోపలికి వచ్చి కిటికీ వైపు పోకుండా నేరుగా అమ్మ మంచం దగ్గర చతికిలబడ్డాడు.

"అమ్మా, నీకు గాలి ఎటుకెళ్ళి వస్తె మంచిగనిపిస్తది?" అని అడిగాడు.

మూడు నెలలుగా డాక్టర్లు, చుట్టాలు, నేను, అందరం ఆమె గురించి మాట్లాడుకున్నాం. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అమ్మకు మాట సరిగ్గా వచ్చేది కాదు. కుడిచెయ్యి ఎత్తి కాళ్ళవైపు ఉన్న కిటికీ చూపించింది. నేనైతే తలవైపు కిటికీకి కట్టించేవాణ్ణి.

అంజన్న జానలతో కొలిచి, వాకిట్లో కూర్చుని వెదురు చట్రం కట్టాడు. వేళ్ళను పలచగా పరుస్తూ సుతిలి తాడుతో బిగించాడు. మధ్యాహ్నానికి తడక కిటికీకి వేలాడింది. బయట నిలబడి చెంబుతో నీళ్ళు చల్లాడు. అంతవరకు ముఖం మాడ్చిన వడగాలి, ఆ తడి వేళ్ళలోంచి దూరి వచ్చేసరికి తొలకరి వాసనేసింది. గది చల్లబడింది. అమ్మ రెండు గంటలపాటు కదలకుండా నిద్రపోయింది. పక్షవాతం వచ్చాక పగటిపూట ఆమె కంటికి కునుకు రావడం అదే మొదలు.

పోయేముందు అంజన్న గుమ్మంలో ఆగాడు.

"సార్, మీరు సైన్సు చెప్తరంట గదా. ఒక్క మాట అడగాల్నా? నేను చల్లిన నీళ్ళు సల్లగ లెవ్వు, ఎండకు కాగినయ్. గాలి సల్లగ లేదు. మరి రెండు కలిస్తె సల్లదనం ఏడికెళ్ళి వచ్చింది? ఇరవై ఏండ్ల సంది చేస్తున్న గీ పని. ఎవ్వలు చెప్పకపోయిరి."

చెప్పాను. నీరు ఆవిరి కావడానికి వేడి కావాలి, ఆ వేడిని అది గాలిలోంచి లాక్కుంటుంది, అందుకే గాలి చల్లబడుతుంది అని. అతను మళ్ళీ లోపలికి వచ్చి తడకకు అరచెయ్యి ఆనించి చూశాడు.

"అంటే వేడి సచ్చిపోతలేదు. ఆవిరితోని కలిసి ఇంకోదిక్కు పోతున్నది. గంతే గదా సార్?"

ఆ ఒక్క ముక్క పిల్లలకు ఎక్కించడానికి నాకు ప్రతి ఏడూ ఒక నెల పట్టేది.

అలా మొదలైంది మా స్నేహం. ఆదివారం పొద్దున అమ్మను చూడటానికని వచ్చేవాడు. ఆమె పక్కన కూర్చుని వాడకట్టు కబుర్లన్నీ చెప్పి, తర్వాత నా దగ్గరికి ఏదో ఒక ప్రశ్న తెచ్చేవాడు. కుండలో నీళ్ళు ఎందుకు చల్లగుంటాయి, వాన పడేముందు ఉక్క ఎందుకు పోస్తుంది, ఇలాంటివి.

అతనికి ఎండాకాలం నాలుగు నెలలే తడకల పని. మిగతా ఎనిమిది నెలలు రాక్షసి బొగ్గు అమ్మేవాడు. దబీర్‌పురా స్టేషన్‌కు పోయే దారిలో రేకుల కప్పు కింద చిన్న దుకాణం. చుట్టుపక్కల టీ హోటళ్ళ భట్టీలకు, ఇళ్ళల్లో కుంపట్లకు బొగ్గు అక్కణ్ణుంచే పోయేది. అందుకే అతని చేతులను చూసి కాలం చెప్పొచ్చు. వేసవిలో వట్టివేళ్ళ వాసన, వానలు పడ్డాక గోళ్ళలో నలుపు.

ఇంకో సంగతి వాడకట్టులో అందరికీ తెలుసు. ఎండాకాలంలో ఎవరింట బిడ్డ పుట్టినా, పురుడు పోసిన మంత్రసాని కాళ్ళు కడుక్కుని పోయేలోపు అంజన్న తడక తెచ్చి కిటికీకి కట్టేవాడు. ఎవరూ పిలవనక్కర్లేదు. ఏమన్నా ఇవ్వబోతే తీసుకునేవాడు కాదు. కిటికీ లేని ఇల్లయితే తలుపుకు కట్టేవాడు.

అదెందుకో అతను నాకెప్పుడూ చెప్పలేదు. అతని భార్య కృష్ణమ్మ చెప్పింది, మా అమ్మ పోయిన ఏడాది, తన వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని.

"అర్వయ్ ఎనిమిదిల సార్, నాకు తొలిచూలు ఆడిబిడ్డ. మేముండేది రేకుల ఇల్లు. మే నెల. ఆయన మూసీ అవతల ఆఫీసుల తడకలకు నీళ్ళు చల్లె పని మీద ఉండె. పొద్దున పోతె పొద్దుగూకినంక వచ్చుడు. పిల్ల తొమ్మిది దినాలు బతికింది. ఒళ్ళు పెనం లెక్క కాలి, పాలు తాగుడు బంద్ జేసింది. ఆయన ఇంటికొచ్చెవరకు..." కృష్ణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పురిటి పిల్ల ఎండ దెబ్బకు పోతదని నాకేం తెల్సు? ఆయనకేం తెల్సు? దినమంత ఊరోళ్ళ గదులు సల్లజేసి వచ్చిండు, పాపం."

తర్వాత వాళ్ళకు ఇద్దరు కొడుకులు పుట్టారు. ఇద్దరూ చలికాలంలోనే పుట్టారని కృష్ణమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

1988 జూన్ చివర్లో పత్రికల్లో ఒక వార్త రావడం మొదలైంది. భూమి మొత్తంగా వేడెక్కుతోందని, దానికి మనుషులు కాల్చే బొగ్గు, పెట్రోలు కారణమని శాస్త్రవేత్తలు గట్టిగా చెబుతున్నారని. ఆ ఆదివారం అంజన్నకు నేనే చదివి వినిపించాను. ఆ రోజు నేను ఆ వార్త చదవకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలా రోజులు అనుకున్నాను.

"మన ఎండలు పెరిగినయని నేను ఎప్పటి సంది చెప్తున్న సార్" అన్నాడు ఉత్సాహంగా. "అప్పట్ల తడకకు గంటకోసారి నీళ్ళు చల్లుతె సరిపోయేది. ఇప్పుడు అర్ధగంటకే ఎండిపోతున్నది."

"ఆగు అంజన్నా" అన్నాను. "మన వాడకట్టు వేడి వేరే కారణాలతోని గూడ పెరిగింది. పెంకుటిండ్లు పోయినయ్, సిమెంటు వచ్చింది. చెట్లు కొట్టేసిండ్రు. ఒక్క ఊరు, ఒక్క ఎండాకాలం చూసి భూమి సంగతి చెప్పలేం. ముప్పై నలభై ఏండ్లు, ప్రపంచమంతట కొలిచి చూడాలె. గట్ల చూస్తే నూరేండ్లల్ల అర డిగ్రీ పెరిగింది."

"అర డిగ్రీనే?" అతను నిరుత్సాహపడ్డాడు. "మరి గింత లొల్లి ఏంది?"

చెప్పడానికి ప్రయత్నించాను. ఎండ రోజూ భూమికి వేడినిస్తుంది. భూమి ఆ వేడిని మళ్ళీ ఆకాశంలోకి వదిలేస్తుంది. వచ్చినదీ పోయేదీ సమానంగా ఉంటే ఏ గొడవా లేదు. కానీ గాలిలో కొన్ని వాయువులున్నాయి. అవి వెలుతురును లోపలికి రానిస్తాయి, వేడి బయటికి పోయేటప్పుడు కొంత ఆపుతాయి. అవి అసలు లేకపోతే భూమి గడ్డకట్టుకుపోతుంది. బొగ్గు కాలిస్తే వచ్చే వాయువు వాటిలో ఒకటి. దానికి రంగు లేదు, వాసన లేదు. అది ఏటేటా పెరుగుతోంది.

"చలికాలం బొంత కప్పుకున్నట్టు" అన్నాడు అంజన్న.

"అవును. ఒక బొంత ఉండాల్సిందే. మనం దాని మీద ఇంకో బొంత వేస్తున్నం."

అతను తలూపాడు. తర్వాత తన చేతుల వంక చూసుకున్నాడు. మొదటి వానలు పడి అప్పటికి వారమైంది. గోళ్ళలో నలుపు చేరింది.

"నా బొగ్గు గూడ ఉంటదా సార్, గా బొంతల?"

అబద్ధం చెప్పాలనిపించింది. కానీ ఏడేళ్ళుగా ఆ మనిషి నేను చెప్పిన ప్రతి మాటా నమ్మాడు.

"ఉంటది అంజన్నా. అందరిదీ ఉంటది."

ఆ తర్వాత రెండు ఆదివారాలు అతను రాలేదు. మూడో వారం నేనే దుకాణానికి వెళ్ళాను. కృష్ణమ్మ తూకం వేస్తోంది. అంజన్న లోపల గోనెసంచి మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే కృష్ణమ్మ త్రాసు కింద పెట్టింది.

"ఏం చెప్పినవ్ సారూ మా ఆయనకు? పదిహేను దినాల సంది బొగ్గు ముడ్తలేడు. అడిగితె, మన బిడ్డ పోయిన ఎండ గూడ నాసొంటోడే చేసిండంటున్నడు. గా ఎండకు, బొగ్గుకు ఏం సంబంధం సారూ?"

అతని మనసు అంత దూరం పోతుందని నేను ఊహించలేదు. పక్కన ఇంకో గోనెసంచి పరుచుకుని కూర్చున్నాను.

"అంజన్నా, అర్వయ్ ఎనిమిదిల మే నెల ఎండకు, నీ బొగ్గుకు సంబంధం లేదు. ఆ ఎండ ఎప్పుడూ ఉన్న ఎండనే. రేకుల ఇల్లు, కిటికీ లేకపోవుడు, వైద్యం అందకపోవుడు, బిడ్డ పోవుడుకు అవి కారణాలు. ఇది సైన్సు. నిన్ను ఊరడించనీకి చెప్తలేను."

నేను జేబులోంచి కాగితం తీశాను. ముందురోజు ఇంట్లో కూర్చుని లెక్క వేసుకుని వచ్చాను.

"నువ్వు ఇరవై ఏండ్లల్ల అమ్మిన బొగ్గంతా కలిపితే నాలుగు వందల టన్నులు గూడ కాదు. పెద్ద కరెంటు కేంద్రం ఒక్క గంటల గంత కాలుస్తది. ఒక్క గంట! నీ జన్మంతా అమ్మింది!"

అంజన్న కాగితం తీసుకుని చూశాడు. అంకెలు అతనికి వచ్చు.

"చిన్నదే" అన్నాడు. "అయితె లేదని కాదు గదా సార్. ఉన్నది, చిన్నది. గా కరెంటు కేంద్రంల పని జేసెటోడు గూడ గిదే అంటడేమో. నేనొక్కన్ని పార పట్టకపోతె ఏమైతది అని."

కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. కృష్ణమ్మ మా ఇద్దరికీ చాయ్ తెప్పించింది. తాగాం. లేచేటప్పుడు అంజన్న, "బిడ్డ సంగతి మాత్రం నిజమే చెప్పిండ్రు గదా సార్?" అని మెల్లగా అడిగాడు. నిజమే అన్నాను. అతను చేతులు దులుపుకుని త్రాసు అందుకున్నాడు. కృష్ణమ్మ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

సెప్టెంబరులో గౌలిపుర గ్రంథాలయంలో ఈ విషయం మీద నన్ను ఉపన్యాసం ఇమ్మన్నారు. పాతికమంది వచ్చారు. నల్లబల్ల మీద గీతలు గీశాను, శాతాలు చెప్పాను. పావుగంటకే కొందరు ఫ్యాను వైపు, కొందరు తలుపు వైపు చూడసాగారు. టీ హోటల్ భిక్షపతి ముందు వరసలో బాహాటంగా ఆవలించాడు. నా గొంతు నాకే విసుగు పుట్టిస్తుండగా వెనక నుంచి అంజన్న లేచాడు.

"సార్, నేను జర చెప్పాల్నా?"

సుద్దముక్క కింద పెట్టి పక్కకు జరిగాను. అంజన్న ముందుకొచ్చి భిక్షపతిని చెయ్యి పట్టి లేపాడు. తన భుజం మీది తువ్వాల తీసి అతనికి కప్పాడు.

"గిది దేవుడు భూమికి కప్పిన బొంత. మంచిగున్నదా భిక్షపతన్నా?"

"మంచిగనే ఉన్నది."

అంజన్న నా బల్ల మీది గుడ్డ లాగి దాని మీద కప్పాడు. "గిది బొగ్గు." కింద పరిచిన జంపఖానా ఒకటి ఎత్తి దాని మీద వేశాడు. "గిది మోటార్లు, బస్సులు." జనం నవ్వుతున్నారు. ఇంకో జంపఖానా. "గిది ఫ్యాక్టరీలు."

"ఉక్క పోస్తుంది రా నాయనా, తియ్యి!" అని లోపల నుంచి భిక్షపతి అరిచాడు.

"నీకు నేనున్న తియ్యనీకి. భూమికి తీసెటోడు ఎవడున్నడు?"

నవ్వు ఆగిపోయింది. జంపఖానాలోంచి తల బయట పెట్టి భిక్షపతి, "అయినా సారు అర డిగ్రీ అన్నడు. ముందుముందు రెండు మూడంటున్నడు. రెండు మూడు డిగ్రీలకు ఏమైతది?" అన్నాడు.

ప్రసూతి వార్డులో ఆయాగా పనిచేసే రాహేలు ఆడవాళ్ళ వరసలోంచి లేచింది. ఆమెకు యాభై ఏళ్ళుంటాయి, గట్టి మనిషి.

"నీ ఒంటికి రెండు మూడు డిగ్రీలు పెరిగితె నువ్వు గల్లాపెట్టె కాడ కూసుంటవా అన్నా? తొంభై ఎనిమిది ఉండేది నూటరెండు అయితె బిడ్డ మూలుగుతది. నాలుగే గదా అని నేను డాక్టరమ్మను పిలువకుండ కూసుంటనా?"

భూమికీ మనిషి ఒంటికీ పోలిక సరిగ్గా కుదరదు. అయినా ఆ హాల్లో నేను దాన్ని సవరించలేదు. అప్పటిదాకా నా గీతల వైపు చూడనివాళ్ళు ఇప్పుడు లేచి వచ్చి నల్లబల్ల దగ్గర నిలబడి, ఆ గీత ఏ ఏడాదిది, ఇది ఎక్కడ కొలిచారు అని అడిగారు. ఒక గంటపాటు నన్ను వదల్లేదు.

ఆ తర్వాతి వారాల్లో అంజన్న చేసిన పనికి వాడకట్టు ముక్కున వేలేసుకుంది. బొగ్గు కొనడానికి వచ్చినవాళ్ళకు, బొగ్గు తక్కువ కొనే ఉపాయం చెప్పసాగాడు. కుంపటి లోపల బంకమట్టి మెత్తితే వేడి పక్కలకు పోదు. గిన్నె మీద మూత పెడితే పప్పు తొందరగా ఉడుకుతుంది. వేడి పోకుండా ఆపడం గురించి అతనికి తెలిసినంత ఆ బజారులో ఎవరికీ తెలియదు మరి. ఒక మధ్యాహ్నం భిక్షపతి హోటల్ మూసి ఉన్నప్పుడు అంజన్న అక్కడి భట్టీని సగం విప్పి, మట్టి, పొట్టు కలిపి లోపలి గోడ మందం చేశాడు, నోరు చిన్నది చేశాడు. రోజుకు రెండు తట్టల బొగ్గు కాల్చే భట్టీ తట్టన్నరకు దిగింది.

"సరుకమ్మెటోడు ఎవడన్న కొనకుండ్రి అంటడా?" అని కృష్ణమ్మ నా దగ్గర మొరపెట్టుకుంది. "లోకంల ఉన్నడా గిసొంటోడు?"

కానీ చలికాలం వచ్చేసరికి కుంపట్లకు మట్టి మెత్తే పని ఆమే చేస్తూ కనబడింది. ఆడవాళ్ళు ఆమెనే పిలిచేవారు. కుంపటి ఆమె చేసిస్తే ఇంట్లో పొగ తగ్గుతుందని పేరొచ్చింది. అంజన్న మెత్తినవి పగుళ్ళు ఇస్తాయని ఆమె నాకు రహస్యంగా చెప్పింది.

1989 జనవరిలో నేను అతన్ని మా కాలేజీకి రమ్మన్నాను, ఇంటర్ పిల్లలతో మాట్లాడటానికి. రానన్నాడు. నాలుగో తరగతి చదివినవాణ్ణి అన్నాడు. చివరికి ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, కృష్ణమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. వేదిక ఎక్కలేదు. మొదటి బెంచీ మీద కూర్చుని, వెనక్కి తిరిగి పిల్లలతో మాట్లాడాడు. తడక గురించి, ఆవిరి గురించి, బొంత గురించి. తన బొగ్గు గురించి కూడా దాచకుండా చెప్పాడు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి అడిగింది. "మనం ఈ రోజు నుంచి బొగ్గు కాల్చుడు మొత్తం బంద్ చేస్తే, ఆ బొంత ఎన్ని రోజులల్ల పోతది?"

అంజన్న నా వైపు చూశాడు. చాలా భాగం మన తర్వాత వందల ఏళ్ళు ఉంటుందని, సరిగ్గా ఎంతకాలమో ఇంకా లెక్కలు కడుతున్నారని చెప్పాను. అమ్మాయి ముఖం చిన్నబోయింది. ఆ మాట అంజన్న కూడా మొదటిసారి వింటున్నాడు. అతను లేచి, వెనక బెంచీ దాకా నడిచి వెళ్ళాడు.

"నీ పేరేంది బిడ్డా?"

"రాజమణి."

"రాజమణీ, గా లెక్క నాకు రాదు. సారుకు గూడ సగమే వచ్చినట్టున్నది. నువ్వు మంచిగ చదువు. పూర్తి లెక్క తెలిసిన దినం మా దుకాణం కాడికొచ్చి చెప్పు. దబీర్‌పురా టేషన్ తొవ్వల ఎవ్వల్నడిగినా చూపెడ్తరు."

రాజమణి నవ్వి, నోటుపుస్తకం తీసి, దుకాణం గుర్తులు ఏమిటో చెప్పమని అడిగి రాసుకుంది.